కొంగు పట్టిన వేళ్ళు

హిందూపురం,
21 జూన్ 1959

అక్కా,

క్షేమంగా చేరాము. బండి కదిలిన దగ్గర నుంచి హిందూపురం వచ్చేదాకా హనుమంతు ఏడుస్తూనే ఉన్నాడు. పెట్టెలో ఉన్నవాళ్ళంతా నన్ను బిడ్డల్ని ఎత్తుకుపోయేదాన్ని చూసినట్టు చూశారు. ఒక ముసలావిడ అడిగేసింది కూడా, "ఈ పిల్లోడు నీ బిడ్డేనా?" అని. పెనుకొండ ప్లాట్‌ఫారం మీద వాడు నీ కొంగు పట్టుకుని వదలకపోతే, వేళ్ళు ఒక్కొక్కటీ నేనే విప్పాల్సి వచ్చింది. మనసులో పెట్టుకోకు. గార్డు పచ్చజెండా ఊపుతున్నాడు, నేనేం చేసేది. నువ్వు హిందూపురం దాకా వస్తానన్నావు గానీ, ఇంటిదాకా వస్తే వాడు నిన్ను వదలడని నేనే వద్దన్నాను. సగం దారిలో ఇచ్చేస్తేనే ఇద్దరికీ మేలు అనిపించింది.

నేను బడికి పోయినప్పుడు బిడ్డను ఎక్కడ ఉంచాలా అని ఊరంతా తిరిగాను. మా ఇంటి ఓనరమ్మ చూసుకుంటానంది. పోయి చూస్తే పక్కింటి పిల్లను మంచం కోడుకు చీరముక్కతో కట్టేసి, తాను వాకిట్లో చింతపండు గింజ తీస్తోంది. వద్దని వచ్చేశాను. వేరుశనగ మిల్లులో ఆడకూలీల పిల్లలకు ఒక గది ఉందంటే అక్కడికీ పోయాను. మిల్లులో పనిచేసేవాళ్ళ పిల్లలకేనట. టీచరమ్మలకు లేదన్నారు.

చివరికి మహిళా సమాజం వాళ్ళ శిశువిహారంలో చోటు దొరికింది. సర్కారు లైసెన్సు ఉన్నది ఊళ్ళో అదొక్కటే. ఆ కాగితానికి అద్దం కట్టించి గోడకు తగిలించారు. సున్నం వేసిన గది, రెండు పెద్ద కిటికీలు, వరసగా ఉయ్యాలలు, పాలపొడి, వారానికొకసారి డాక్టరు. కన్వీనరు అలివేలమ్మ గారు బాగా చదువుకున్న మనిషి. మరియమ్మ అని ఒక ఆయా ఉంది, చర్చి వెనక ఇల్లు, నెమ్మదైన మనిషి. ఫీజు నా జీతానికి బరువే అయినా కట్టాను. మన ఇంట్లోలాగా దుమ్ము లేదు, రంగునీళ్ళ వాసన లేదు, పొద్దస్తమానం మగ్గం చప్పుడు లేదు. ఇక్కడైనా బిడ్డ ప్రశాంతంగా నిద్రపోతాడు.

నీకు పది రూపాయలు మనియార్డరు చేశాను. నెలనెలా పంపుతాను. నీ రుణం ఉంచుకోను.

బావను అడిగినట్టు చెప్పు.

నీ చెల్లెలు,
సిద్ధమ్మ


ధర్మవరం,
28 జూన్ 1959

సిద్ధమ్మా,

నీ ఉత్తరం, నీ మనియార్డరు ఒకే రోజు వచ్చాయి. ఉత్తరం ఉంచుకున్నాను. మనియార్డరు తిప్పి పంపాను, ఈపాటికి నీ చేతికి వచ్చి ఉంటుంది.

పోస్టుమేను చెన్నప్ప మన అరుగు ముందు నిలబడి, ఫారం అడుగున నువ్వు రాసిన ముక్క నలుగురికీ వినబడేలా చదివాడు. "బిడ్డను చూసుకున్నందుకు" అని. ఎదురింటి ఓబులమ్మ దారం చుట్టే కండెలు పక్కన పెట్టి మరీ విన్నది. "ఏం అక్కమ్మా, మీ చెల్లెలు నీకి జీతం పంపినట్లుండాదే" అన్నది. నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఈ వీధిలో ఎవరింట్లోనైనా అక్క చెల్లెలి బిడ్డను పెంచితే కూలి ఇచ్చినట్టు విన్నావా? నువ్వు ఇచ్చావు.

నీ మొగుడు బెంగుళూరు మిల్లులో ఇంకొకదాన్ని పెట్టుకుని నిన్ను వదిలేసిన రోజు, వాడి ముందు తలెత్తుకు నిలబడాలి, టీచరు ట్రైనింగుకు పోతానన్నావు. పొమ్మన్నాను. నాలుగు నెలల పసికందును నా ఒళ్ళో పెట్టి అనంతపురం పోయావు. నా కడుపున పుట్టిన ఇద్దరూ దక్కలేదని నీకు తెలుసు. వీణ్ణి చూసి ఆ దుఃఖం మరిచాను. పాలు మరిగించాను, జ్వరం వస్తే రాత్రుళ్ళు భుజాన వేసుకు తిరిగాను. దానికంతా ఖరీదు పది రూపాయలని ఇప్పుడు తెలిసింది.

మీ బావ మగ్గం మీద కూర్చుంటున్నాడు. ఉయ్యాల ఇంకా దూలానికే వేలాడుతోంది. దాని తాడు మగ్గం కింద తొక్కుడు కర్రకు కట్టింది కట్టినట్టే ఉంది. ఆయన కాలు వేసినప్పుడల్లా ఖాళీ ఉయ్యాల ఊగుతుంది. విప్పేయమంటే "ఉండనీ" అంటాడు. నేను పక్కన కూర్చుని కండెలు చుట్టుకుంటూ దాన్నే చూస్తుంటాను.

మగ్గం చప్పుడు లేదు కాబట్టి ప్రశాంతంగా నిద్రపోతాడని రాశావు. పోతాడులే. లైసెన్సు ఉంది కదా.

జీతం తీసుకోని ఆయా,
అక్కమ్మ


హిందూపురం,
12 జూలై 1959

అక్కా,

కోపగించుకోకు. పది రూపాయలు తక్కువని నాకూ తెలుసు. కొత్త ఉద్యోగం, గది అద్దె, శిశువిహారం ఫీజు, ఇవన్నీ పోగా మిగిలింది పంపాను. వచ్చే నెల నుంచి పదిహేను చేస్తాను. అంతకన్నా ఇప్పుడు నావల్ల కాదు.

అసలు సంగతి రాస్తాను. హనుమంతు నిద్రపోవడం లేదు. పగలు శిశువిహారంలో మిగతా పిల్లలంతా ఉయ్యాలల్లో పడుకుంటే వీడు కళ్ళు తెరుచుకుని కిటికీ వైపు చూస్తూ ఉంటాడట. ఊపితే ఏడుపు, ఎత్తుకుంటే వెనక్కి విరుచుకుపడటం. రాత్రి నా దగ్గరా అంతే. అలసిపోయి కాసేపు కన్ను మూస్తాడు, అంతలోనే ఉలిక్కిపడి లేస్తాడు. నిద్రలేని బిడ్డ తిండి ఏం తింటాడు. బుగ్గలు జారిపోయాయి.

మొన్న నేను రెండో తరగతికి లెక్కలు చెప్తుంటే మరియమ్మ కబురు పంపింది, ఏడ్చి ఏడ్చి కక్కుకుంటున్నాడని. బడి వదిలి పరుగెత్తాను. హెడ్‌మిస్ట్రెస్ నాగక్క గారు తిరిగొచ్చాక పిలిచి కూర్చోబెట్టింది. ప్రొబేషన్ అయ్యేదాకా ఇలాంటివి కుదరవని, బిడ్డో ఉద్యోగమో తేల్చుకోమని మెత్తగానే చెప్పింది. ఆ మెత్తదనమే నాకు భయం. ఈ ఉద్యోగం పోతే నేను బెంగుళూరు పోయి ఆ మనిషి గడపలో కూర్చోవాలి. చచ్చినా పోను.

నువ్వు వాణ్ణి ఎలా పడుకోబెట్టేదానివి? ఏదన్నా పాట పాడేదానివా? పాలల్లో ఏమన్నా కలిపేదానివా? నల్లమందు కాదు కదా? ఓనరమ్మ చెప్పింది, ధర్మవరంలో మగ్గాల ఇళ్ళల్లో బిడ్డలకు ఆవగింజంత నల్లమందు పెడతారని. నిజం రాయి. నేనేమీ అనుకోను.

సిద్ధమ్మ


ధర్మవరం,
20 జూలై 1959

సిద్ధమ్మ టీచరు గారికి,

పదిహేను రూపాయలు కూడా వెనక్కి వస్తాయి. దుడ్లు తక్కువై నేను అలిగానని అనుకున్నావంటే, ఒకే ఇంట్లో ఒకే కంచంలో తిని పెరిగినవాళ్ళం మనమేనా అని అనుమానం వస్తోంది.

నల్లమందు పెట్టానా అని అడిగావు. ఆ ముక్క చదివిన తర్వాత పొయ్యి మీద అన్నం మాడిపోయినా నాకు తెలియలేదు. మీ బావ అడిగాడు ఏం రాసిందని. చెప్పలేదు. ఆయనకు నీ మీద ఇంకా మంచి అభిప్రాయం ఉంది, ఉండనీ అనుకున్నాను. నాయన కోపం మనిద్దరికీ పంచిపోయాడని అమ్మ అనేది కదా. నా వాటా ఇన్నాళ్ళు వాడకుండా దాచుకున్నాను. ఇప్పుడు బయటికి తీస్తాను.

ఎలా పడుకోబెట్టేదాన్నని కదా అడిగావు. నేనేమీ చేసేదాన్ని కాదు. పాట లేదు, మందు లేదు. నా పాటికి నేను కండెలు చుట్టుకునేదాన్ని. వాడు పడుకునేవాడు. అంతే. నమ్మితే నమ్ము.

మా ఇంట్లో దుమ్ములో పడుకున్న బిడ్డ నీ సున్నం గదిలో ఎందుకు పడుకోడో నన్ను అడగకు. నీ ఆయాను అడుగు. ఆమె చేతులు ఒకసారి చూసుకో. కూలికి బిడ్డల్ని చూసేవాళ్ళ చేతులు ఎలా ఉంటాయో నాకేం తెలుసు. నేను కూలి తీసుకోలేదు కదా.

అక్కమ్మ


హిందూపురం,
30 ఆగస్టు 1959

అక్కా,

నీ నోటి మాట చేదుగా ఉన్నా నీ కన్ను మంచిది. నువ్వు ఆయా చేతులు చూడమన్న దగ్గర నుంచి నేను వాడి ఒళ్ళు రోజూ వెతికాను. మొన్న దొరికింది. చంకల కింద రెండు వైపులా ఎర్రగా కమిలిన చారలు. గట్టిగా పట్టి నొక్కితే తప్ప అలా రావు.

మర్నాడే పోయి నిలదీశాను. మరియమ్మ నెమ్మదిగా, "ఇరుచుకోని పడతాండాడు టీచరమ్మా, కింద పడతాడని పట్టుకుంటి" అన్నది. ఆ నెమ్మది చూసే నాకు ఒళ్ళు మండింది. దొంగ అయితే తప్ప అంత నెమ్మదిగా ఎవరు మాట్లాడతారు? నా బిడ్డ నిద్రపోని రాత్రులన్నీ కళ్ళ ముందు కదిలాయి. అలివేలమ్మ గారికి కంప్లయింటు రాసిచ్చాను. ఇంకో ఇద్దరు తల్లుల చేత సంతకాలు పెట్టించాను. కమిటీ కూర్చుంది. నేను నిలబడి చెప్పాను. లైసెన్సు ఉన్న చోట ఇలాంటి మాట బయటికి పోతే ప్రమాదమని భయపడి, మరియమ్మను ఆ సాయంత్రమే పంపేశారు.

గేటు దాటేటప్పుడు ఆమె నా వైపు చూసింది. నేను కూడా కళ్ళు దించలేదు. నా బిడ్డను ఏడిపించినవాళ్ళను ఊరికే వదిలే రకం కాదు నేను. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నాకు కడుపు నిండినట్టు అనిపించింది.

కొత్త ఆయా దొరికేదాకా అలివేలమ్మ గారే పిల్లల్ని చూస్తున్నారు. హనుమంతు ఇంకా సరిగా పడుకోవడం లేదు గానీ, ఆ భయం పోవడానికి కొన్నాళ్ళు పడుతుంది కదా. ఇదంతా నీ పుణ్యమే అక్కా. నువ్వు రాయకపోతే నేను కనిపెట్టేదాన్ని కాదు.

ప్రేమతో,
సిద్ధి


ధర్మవరం,
8 సెప్టెంబరు 1959

సిద్ధీ,

నీ ఉత్తరం మీ బావ చేత చదివించాను. నా కళ్ళు మసకగా ఉన్నాయని చెప్పాను. నిజానికి నాకే రెండోసారి చదివే ధైర్యం లేక ఇచ్చాను. ఆయన చదివి మడిచి నా ముందు పెట్టాడు. "ఆ ఆయమ్మ ఏం చేసిందే? చెప్పల్ల నువ్వు, ఈ పొద్దే రాయల్ల" అన్నాడు. రాయనన్నాను. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు. అన్నం పెడితే తింటాడు, మగ్గం మీద కూర్చుంటాడు.

అవసరం ఉండి అడుగుతున్నాను. ఆ మరియమ్మకు పిల్లలున్నారా? మొగుడు ఏం చేస్తాడు? ఇంట్లో ఇంకెవరున్నారు?

జవాబు రాయి.

అక్క


హిందూపురం,
11 అక్టోబరు 1959

అక్కమ్మకు,

అక్కా అని రాయడానికి చేయి రావడం లేదు.

దసరా సెలవుల్లో హనుమంతును చంకనేసుకుని బజారుకు పోయాను. రాత్రంతా నిద్ర లేదు, వాడు ఏడుస్తున్నాడు, నేనూ ఏడుపు దిగమింగుకుంటూ నడుస్తున్నాను. అడ్డదారిన నేతగాళ్ళ సందులోకి తిరిగాను. నరసింహులు అనే ఆయన ఇంట్లో మగ్గం ఆడుతోంది. వాడు ఉన్నట్టుండి ఏడుపు ఆపాడు. తల ఎత్తి విన్నాడు. నేను నాలుగు అడుగులు వేసేలోపు వాడి తల నా భుజం మీద వాలిపోయింది. ఎంత బరువుగా వాలిందో చెప్పలేను. ఇక్కడికి వచ్చిన తర్వాత వాడు అంత గాఢంగా పడుకోవడం అదే మొదలు.

నేను ఆ అరుగు మీదే కూర్చున్నాను. చీకటి పడేదాకా కూర్చున్నాను. మగ్గం ఆగితే కదిలేవాడు, మొదలైతే మళ్ళీ పడుకునేవాడు. లోపలికి తొంగిచూస్తే వాళ్ళ బిడ్డ ఉయ్యాల తాడు తొక్కుడు కర్రకు కట్టి ఉంది. అప్పుడు నాకు మన ఇల్లు కనపడింది. బావ కాలు, ఆ తాడు, ఆ టకటక. వాడికి నిద్ర అంటే అదే.

నీకు తెలుసు. మొదటి నుంచీ తెలుసు. నేను జూలైలో కాళ్ళు పట్టుకున్నట్టు అడిగినప్పుడు, "నేనేమీ చేసేదాన్ని కాదు" అని రాశావు. నా బిడ్డ చిక్కి శల్యమవుతుంటే నువ్వు ధర్మవరంలో కూర్చుని పగ తీర్చుకున్నావు. నా మీద కోపం ఉంటే నన్ను కొట్టాల్సింది. వాడేం చేశాడు నీకు?

ఆ చంకల కింద చారల సంగతి కూడా విను. నిన్న నా చేతుల్లోనే వాడు వెనక్కి విరుచుకుపడ్డాడు. పడకుండా పట్టుకున్నాను. సాయంత్రం చూస్తే అవే చారలు. నేను పెట్టినవి. మరియమ్మ చెప్పింది అక్షరాలా నిజం.

పిల్లలున్నారా అని అడిగావు కదా, ఇప్పుడు చెప్తున్నాను. ఎనిమిది నెలల ఆడబిడ్డ ఉంది. మొగుడు లేడు. మన పిల్లల్ని ఊపడానికి వస్తూ తన బిడ్డను కళ్ళు కనపడని తల్లి దగ్గర పెట్టి వచ్చేదట. పనివాళ్ళ పిల్లలకు శిశువిహారంలో చోటు లేదన్నది రూలు. ఇదంతా చర్చి వెనక వీధిలో వాళ్ళు చెప్పారు. క్షమించమని అడగడానికి పోయాను. ఇంటికి తాళం. ఎవరో రైల్లో వచ్చి తల్లినీ బిడ్డనూ ముసలమ్మనూ తీసుకుపోయారట. నేను క్షమాపణ చెప్పుకునే దారి కూడా లేకుండా పోయింది.

నువ్వు చచ్చేలోపల హనుమంతును నీకు చూపించను. నీ పేరు వాడి చెవిన పడనివ్వను. ఇది నాయన కోపంలో నా వాటా.

సిద్ధమ్మ


ధర్మవరం,
25 అక్టోబరు 1959

సిద్ధమ్మకు,

తిట్టు. నీ నోరు నొప్పి పుట్టేదాకా తిట్టు. కానీ దాచానని మాత్రం అనకు.

నేను జూన్‌లో రాసిన మొదటి ఉత్తరం తీసి చదువు. ఉయ్యాల దూలానికి ఉందని రాశాను. తాడు తొక్కుడు కర్రకు ఉందని రాశాను. మీ బావ కాలు వేస్తే ఊగుతుందని రాశాను. ఇంకెట్లా రాయాలి? నువ్వు ఆ ఉత్తరంలో చదివింది దుడ్ల సంగతి ఒక్కటే. పది చాలలేదేమో పదిహేను చేద్దామనుకున్నావు.

నువ్వు ఎవరి బిడ్డవు? మగ్గం గుంత పక్కనే పుట్టావు. నాయన కాలి కింద కర్రకు కట్టిన తాడుతోనే నువ్వూ పడుకున్నావు. ఒకసారి ఆ తాడు తెగితే ముడివేసింది నేను. మన ఇంట్లో మగ్గం ఆగితే పసిపిల్లలు లేస్తారని ఎవరూ ఎవరికీ చెప్పరు, ఎందుకంటే అది చెప్పాల్సిన సంగతి కాదు. ఆ చప్పుడు నీకు చప్పుడుగా వినపడటం ఎప్పుడు మొదలైంది? అనంతపురం పోయాకనా? మగ్గం లేదు కాబట్టి బిడ్డ నిద్రపోతాడని రాసినదానివి నువ్వు. నువ్వు మరిచిపోతే నేనెందుకు గుర్తుచేయాలి అనుకున్నాను. అవును, పగతోనే అనుకున్నాను. నువ్వు ఏడ్చుకుంటూ వచ్చి వాణ్ణి మళ్ళీ నా ఒళ్ళో పెడతావని కాచుకున్నాను. వాడు చిక్కిపోతాడని తెలుసు. అది తలుచుకుని రాత్రుళ్ళు పక్క మీద కూర్చునేదాన్ని. అయినా రాయలేదు. అంత కోపం నాకుందని నాకే తెలియదు.

మరియమ్మను తీసుకుపోయింది ఎవరో కాదు. నేనే.

నువ్వు జవాబు రాయలేదు కాబట్టి నేనే బండెక్కి హిందూపురం వచ్చాను. చర్చి దగ్గర అడిగితే ఇల్లు చూపించారు. నీ వీధి దాటుకునే పోయాను, నీ తలుపు తట్టలేదు. ఆమె చేతులు చూశాను సిద్ధమ్మా. చూడమని నేనే కదా రాశాను. పాలపొడి డబ్బాలు కడిగి కడిగి పగిలిపోయిన చేతులు. ఇంట్లో పొయ్యి రాజలేదు. బిడ్డ నీరసంగా పడి ఉంది. నేను ఎవరో చెప్పాను, నేను ఏం చేశానో కూడా చెప్పాను. ఆమె ఒకటే అన్నది. "మీ ఇద్దరి మధ్య నన్నేమిటికి నలిపితిరి?" దానికి జవాబు నీ దగ్గర ఉంటే రాయి.

ముగ్గుర్నీ ఇక్కడికి తెచ్చాను. మరియమ్మ నాతోపాటు కండెలు చుడుతోంది. దాని కూలి ఆమెకు ముడుతుంది. ఆమె బిడ్డ కదిరమ్మ మన ఉయ్యాలలో పడుకుంటోంది. మీ బావ కాలు వేస్తే ఊగుతుంది, ఈసారి ఖాళీగా కాదు. నువ్వు లైసెన్సు చూసి, ఫీజు కట్టి, నీ బిడ్డను పరాయివాళ్ళకు అప్పజెప్పావు. నువ్వు పనిలోంచి తీసేయించిన మనిషి బిడ్డను నేను ఒక పైసా తీసుకోకుండా పెంచుతున్నాను. నా పగ ఇదే.

హనుమంతును చూపించనన్నావు. చూపించకు. నేను అడగలేదు.

అక్కమ్మ


హిందూపురం,
6 డిసెంబరు 1959

ఈ ఉత్తరం నీకు కాదు. మరియమ్మకు చదువు రాదు కాబట్టి నువ్వు చదివి వినిపించాలి. ఒక్క ముక్క కూడా మింగకుండా చదువు.

మరియమ్మా, నేను సిద్ధమ్మను. నీ మీద నేను చెప్పింది అబద్ధం. తెలియక చెప్పినా అబద్ధం అబద్ధమే. నువ్వు గేటు దాటినప్పుడు నేను కళ్ళు దించలేదని మా అక్కకు గొప్పగా రాశాను. ఇప్పుడు ఆ గేటు దగ్గరికి పోతే తల ఎత్తలేకపోతున్నాను.

నువ్వు పోయాక ఎవరూ నిలవలేదు. ఒకామె వారం చేసి మానేసింది. ఇంకొకామె పిల్లల్ని వదిలేసి ఎండలో కూర్చునేది. మొన్న ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి చూసింది. ఆయా లేకుండా శిశువిహారం తెరవకూడదని, క్రిస్మస్ సెలవులు అయ్యేలోపల మనిషిని పెట్టకపోతే లైసెన్సు తీసేస్తామని రాసి పోయింది. గది తాళం వేసి ఉంది. పిల్లల తల్లుల్లో ఇద్దరు పని మానుకుని ఇంట్లో కూర్చున్నారు. నేను హనుమంతును బడికి తీసుకుపోయి బల్ల కింద కూర్చోబెట్టాను. నాగక్క గారు చూసీ చూడనట్టు ఊరుకుంది గానీ, జనవరిలో ఇలా ఉండటానికి వీల్లేదని చెప్పేసింది. నా ఉద్యోగం నీ చేతిలో ఉంది. నిన్ను వెళ్ళగొట్టిన నేనే నిన్ను అడుగుతున్నాను.

అలివేలమ్మ గారు నీ జీతం పెంచుతామన్నారు. నువ్వు ఇంకేం కావాలన్నా అడుగు. తిట్టాలన్నా తిట్టు, ఎదురుగా నిలబడి వింటాను.

పగలు నేతగాళ్ళ సందులో నరసింహులు గారింటి అరుగు మీద హనుమంతు కాసేపు పడుకుంటాడు. వాళ్ళు ఏమీ తీసుకోవడం లేదు. ఎన్నాళ్ళని పోను.

చదివి వినిపించినవాళ్ళకు: అడుగుతున్నది నిన్ను కాదు. జవాబు మాత్రం నువ్వే రాయాల్సి వస్తుంది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాయి.

సిద్ధమ్మ


ధర్మవరం,
14 డిసెంబరు 1959

సిద్ధమ్మకు,

మింగకుండా చదివాను. మీ బావ మగ్గం ఆపి విన్నాడు. కదిరమ్మ లేచి ఏడ్చింది, మళ్ళీ కాలు వేశాడు. అందుకని సగం ఉత్తరం అరిచి చదవాల్సి వచ్చింది.

మరియమ్మ రెండు రోజులు కండెలు చుట్టుకుంటూనే ఉంది. నేను అడగలేదు. పోవద్దని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. నీ బడి తలుపు నీ మొహాన మూసుకుంటే చూడాలని నాకు ఎంత ఉందో దేవుడికే తెలుసు. చౌడేశ్వరమ్మ గుడికి పోయి కూర్చుని వచ్చాను, ఆ కోరిక పోలేదు. కానీ ఈ ఇంట్లో కూర్చునే ఆమెను ఒకసారి నలిపాను, రెండోసారి నలపలేను.

మూడో రోజు ఆమె చెప్పింది. చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "నా బిడ్డ యాడుంటే నేను ఆడ. ఆ ఉయ్యాలల్లో ఒగటి నా కదిరికి ఇస్తామంటే వస్తా. లేకుంటే ఈడే కండెలు చుట్టుకుంటా." ఇంకొకటి కూడా చెప్పింది. నువ్వు ఏ కమిటీ ముందు నిలబడి ఆమె మీద చెప్పావో, అదే కమిటీ ముందు, సంతకాలు పెట్టిన ఆ ఇద్దరు తల్లులను కూడా పిలిపించి, అబద్ధమని చెప్పాలి. ఆమె పక్కన నిలబడి ఉండగా చెప్పాలి. జీతం సంగతి ఆమె ఎత్తలేదు. పెంచుతామన్నారు కాబట్టి పెంచండి.

పనివాళ్ళ పిల్లలకు చోటు లేదన్న రూలు మార్చడానికి అలివేలమ్మ గారు ఒప్పుకోకపోతే నాకొక కార్డు రాయి. నేనే వస్తాను. ఆవిడ ఎంత చదువుకున్నా నా నోటి ముందు నిలవలేదు.

మీ బావ పాత నాడె ఒకటి ఇచ్చాడు, మగ్గం మీద దారంతో అటూ ఇటూ ఆడి అరిగి నునుపు తేలినది. హనుమంతు పడుకునేటప్పుడు దాంతో ఉయ్యాల కొయ్య మీద టకటక కొట్టమని మరియమ్మకు నేర్పాడు. ఇన్ని నెలల తర్వాత ఆయన నాతో మాట్లాడిన మొదటి మాట కూడా దాని గురించే. "నాడె మూటలో పెట్టినావా?" అన్నాడు. పెట్టానన్నాను.

మరియమ్మ క్రిస్మస్ ముందు రోజుకి వాళ్ళ చర్చిలో ఉండాలట. కాబట్టి ఇరవై మూడున పొద్దుటి బండికి బయలుదేరతాము. మరియమ్మ తల్లి కూడా వస్తోంది. నేను పెనుకొండ దాకానే వస్తాను. ఇంటిదాకా రావద్దని నువ్వు చెప్పిన మాట నేను మరిచిపోలేదు. సగం దారిలో ఇచ్చేస్తాను, నువ్వు సగం దారిలో తీసుకో.

నువ్వు పెనుకొండకు రావాలి. హనుమంతును తీసుకునే రావాలి. వాణ్ణి నాకు చూపించనని ఒట్టు పెట్టుకున్నావు, అందుకే తీసుకురమ్మంటున్నాను. ఒట్టు తప్పిన మొహం ఎలా ఉంటుందో నేను చూడాలి. మరియమ్మ కావాలంటే ఇదే నా షరతు, ఆమెది కాదు.

నేను వాణ్ణి ఎత్తుకోను. పేరు పెట్టి పిలవను. చేతులు కూడా చాపను. అదే ప్లాట్‌ఫారం మీద, జూన్‌లో నువ్వు వాణ్ణి తీసుకున్న చోటే ఊరికే నిలబడతాను. ఆరు నెలలయింది, నన్ను మరిచిపోయి ఉంటే నీ పగ తీరినట్టే, నేను ఏడవను. మరిచిపోకుండా వాడే వచ్చి నా కొంగు పట్టుకుంటే, బండి కూత వేసినప్పుడు ఈసారి ఆ వేళ్ళు విప్పు చూద్దాం.

నీ అక్క